తొమ్మిది ప్యాటర్న్‌ల టేపక్క

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. అందుకే అందరికీ టేపక్క అయింది. యూనిఫాంలు కుట్టే ఆ కార్ఖానాలో పంతొమ్మిదేళ్లుగా బట్ట కొయ్యడానికి అట్ట మీద ప్యాటర్న్ గీసేది ఆవిడే.

ఈ విద్యకు గురువు అత్తగారి గూని వీపు. పెళ్లయిన కొత్తలో అత్తగారి చలికోటు వెనక పైకి లేచి నడుముకు గాలి కొట్టేది, ముందేమో మోకాళ్ల దాకా వేలాడేది. ముగ్గురు దర్జీలు చూసి, "మనిషే వంగిపోయింది, మేమేం చేస్తాం?" అనేశారు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే మరి. కోడలు కోటు విప్పదీసి, వీపు ముక్క నాలుగు వేళ్లు పెంచి, ముందు ముక్క రెండు వేళ్లు తగ్గించి మళ్లీ కుట్టింది. ముసలావిడ అద్దంలో పక్కకు తిరిగి చూసుకుని, "అయితే తప్పు నాది కాదన్నమాట," అంది. ఆ మాటకు కోడలికి ఆ దర్జీల మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

ఈసారి ఆసుపత్రి ఆయాల యూనిఫాంల పని వచ్చింది. పోయినేడు వేరే కార్ఖానావాళ్లు మూడే సైజుల్లో కుట్టారు. స్ట్రెచర్ తోసే ఒక ఆయాకు వార్డు మధ్యలో, రోగులందరి ముందు, చంక నుంచి నడుము దాకా పర్రున చిరిగింది. పాపం, దుప్పటి చుట్టుకుని సాయంత్రం దాకా పనిచేసిందట. అది విని టేపక్క తనే ఆసుపత్రికి వెళ్లింది. ఆయాలు వంగి రోగిని ఎత్తుతుంటే, చేతులు చాచి తెర లాగుతుంటే కొలతలు తీసింది. తొమ్మిది ప్యాటర్న్‌లు తేలాయి.

కొత్త మేనేజరు అట్టలు చూసి గుడ్లురిమాడు.

"మూడు చాలమ్మా. పట్టనివాళ్లు కాస్త ఒళ్లు తగ్గించుకుంటారు."

"బట్ట కోసం ఒళ్లు చెక్కుకోమంటారా సార్? అందర్నీ ఒకే గాటన కడితే మళ్లీ చిరుగుతాయి."

"చిరిగినప్పుడు చూద్దాం. ఈ మూడింటి మీద గుర్తు పెట్టు," అంటూ మూడు అట్టలు పక్కకు తీశాడు.

ప్యాటర్న్ గీసిన మనిషి అట్ట మూలన ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెడితేనే కటింగ్ మాస్టారు కత్తెర పడతాడు. అక్కడి కట్టుబాటు అది.

"పెట్టను సార్."

"ఉద్యోగం పోతుంది!"

"పోతే పోనివ్వండి. చిరిగే బట్టకు నా గుర్తు ఇవ్వను."

ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. అయినా చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మొండిది ఇంకో మెట్టు పైనేనని మేనేజరుకు అప్పుడే తెలిసింది. విసురుగా పెన్సిల్ లాక్కుని, ఆ మూడు అట్టల మూలలా తనే గుర్తు పెట్టి, వాటిని మాస్టారి ముందు పడేశాడు.

మాస్టారికి టేపక్క అంటే ప్రేమేం లేదు. ప్యాటర్న్‌లు పెరిగితే చాకిరీ ఆయనది. పొద్దున్నే, "తొమ్మిదా! నా ప్రాణం తీసెయ్ అమ్మాయ్, నీకు పుణ్యముంటుంది," అని కయ్యానికి దిగాడు కూడా. ఇప్పుడు కళ్లజోడు సవరించుకుని అట్ట మూల చూశాడు.

"ఈ ప్యాటర్న్ మీరు గీసిందా సార్?"

"కాదు. అయితే ఏంటి?"

"గీసినవాళ్లే గుర్తు పెట్టాలి. నేను కొయ్యను."

"మీ ఇద్దరి సంగతీ యజమాని దగ్గరే తేలుస్తా!" అంటూ మేనేజరు విసవిసా వెళ్లిపోయాడు.

టేపక్క తొమ్మిది అట్టలూ బల్ల మీద పరిచి, ఒక్కొక్కదానికీ ఎర్రగా గుర్తు పెట్టింది.

"సాయంత్రం దాకా ఈ ఉద్యోగం నాదే మాస్టారూ."

"నాదీ అంతేగా," అంటూ ఆయన యూనిఫాం గుడ్డ తానును విప్పి పరిచాడు. "ముందు ఏది కొయ్యమంటావ్?"

"పోయినేడు వార్డులో బట్ట చిరిగినావిడది."