ఏ పని మానేసినారు?

మొన్న ఆదివారం మా ఆవిడ కుట్టుమిషనుకు నూనె వేస్తుంటే, పక్కగదిలో పేపర్లు దిద్దుకుంటున్న నా దాకా ఆ వాసన వచ్చింది. పెన్ను కింద పెట్టేశాను. ఈరమ్మ మేడం దగ్గర ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. పసితనంలో పోలియో వచ్చి ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కాళ్లకు ఇనుప కాలిపర్లు, చంకల్లో కర్రలు. కాలిపర్ల కీళ్లు కిర్రుమనకుండా వారానికోసారి తానే కుట్టుమిషను నూనె వేసుకునేవారు. ఆదోనిలో మా కాలేజీలో సోషియాలజీ చెప్పేవారు. ఆమెను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే మెట్ల దగ్గర మొదలుపెట్టాలి.

మా డిపార్ట్‌మెంట్ మేడ మీద ఉండేది. ఇరవై ఆరు మెట్లు. కిందికి మార్చమని ఆమె పెట్టుకున్న అర్జీలు ఏ సొరుగులో నిద్రపోయాయో ఎవరికీ తెలియదు. రోజూ తొమ్మిదింటికి మొదటి మెట్టు మీద కర్ర ఆనించేవారు, తొమ్మిదీ పదికల్లా పైన ఉండేవారు. ఆమె దగ్గర పరిశోధన సహాయకుడిగా చేరిన మొదటిరోజు, దూది వ్యాపారి కొడుకునైన నా మర్యాద ఏమిటో చూపిద్దామని పరుగెత్తి ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆగిపోయారు.

"వదులప్పా. నువ్వు పట్టుకుంటే నేను పడతాను."

ఆ మాటలో కోపం లేదు. కర్ర ఎప్పుడు ముందుకు పోవాలో, ఒళ్లు ఎటు వాలాలో ఆమెకే తెలుసు. మధ్యలో నా చెయ్యి దూరితే అంతా తప్పుతుంది. పైకి చేరి ఊపిరి తీసుకున్నాక నవ్వుతూ చెప్పారు. "మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. మగ్గం గుంటలో కూర్చోని నెయ్యల్లంటే తొక్కేదానికి కాళ్లు కావల్ల. నేను తొక్కలేనని మా నాయన నన్ను బడికి తోలినాడు. మా అన్న కాళ్లు బాగుండాయి, పాపం, ఆయప్పకు బడి లేకపాయ."

అప్పట్లో ఆమె చేపట్టిన అధ్యయనం నేతపనివాళ్ల ఇళ్లలో ఉండే వికలాంగుల గురించి. నిధులిచ్చే సంస్థవాళ్లు మొదట్లోనే ఒక మెలిక పెట్టారు. ఇల్లిల్లూ తిరగలేని మనిషి ఈ పని ఎలా నడుపుతుందని వాళ్ల అనుమానం. మూడు నెలల్లో ఇంటింటి వివరాలు చూపించాలి, లేకపోతే పని ఇంకొకరికి అప్పగిస్తామని ఉత్తరం రాశారు. ఏళ్ల తరబడి ఆమె మనసులో పెట్టుకున్న పని అది. చేజారిపోతుందేమోనన్న భయం ఆమె ముఖంలో ఆరోజు చూశాను. "ఈ మూడు నెలలు నా కాళ్లు నువ్వేనప్పా" అని ఫారాల కట్ట నా చేతికిచ్చారు.

నేను ఎమ్మిగనూరు బస్సెక్కి, వీధి వెంట వీధి తిరిగి, రెండు నెలల్లో రెండు వందల ఇళ్లు ముగించాను. "మీ ఇంట్లో వికలాంగులు ఉన్నారా?" అన్న గడిలో దాదాపు ప్రతిచోటా "లేరు" అని రాసుకొచ్చాను. ఎంత ఆరోగ్యమైన ఊరో అని లోలోపల ముచ్చటపడ్డాను కూడా. నా తెలివి అంతవరకే.

మేడం ఒక్కో ఫారమూ తిప్పుతూ ఒకచోట ఆగారు.

"ఈ ఇంట్లో నీకు నీళ్లు ఎవురిచ్చినారు?"

"ఒక ముసలామె మేడం. రాట్నం కాడ కూర్చోనుండె."

"చెంబు ఎట్ల ఇచ్చింది?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చెంబును నా వైపు కాకుండా పక్కనున్న స్తంభం వైపు చాచింది. నేనే రెండడుగులు జరిగి అందుకున్నాను. పెద్దతనం కదా అనుకున్నాను.

"ఆమె మా యమ్మప్పా. ఎనిమిదేండ్ల నుంచి కండ్లు కనపడవు. లేరని నీతో రాయించింది మా అన్న."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ ఒక్క ఫారం దిద్దుదాం, తక్కినవి సరిగానే ఉంటాయన్నాను. గడువు నెల రోజులే మిగిలింది మరి. ఆమె ఒప్పుకోలేదు. "ప్రశ్న రాసింది నేను. నా ఇంటికే సరిపోని ప్రశ్న ఊరికంతా ఎట్ల సరిపోతాది?" అని రెండు వందల ఫారాలనూ కట్టగట్టి పక్కన పెట్టేశారు. అలాంటి తెగువ నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మర్నాడే బాడుగ ఆటోలో ఇద్దరం ఎమ్మిగనూరు వెళ్లాం. మొదట వాళ్లింటికే. వాళ్లన్న నాగప్ప గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. మేడం గోడకు ఆనుకుని, మోకాళ్ల దగ్గర కాలిపర్ల లాకులు వదిలి, మెల్లగా కిందికి జారి మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చున్నారు. అన్నాచెల్లెళ్ల ముఖాలు ఒకే ఎత్తుకు వచ్చాయి. కుర్చీ కోసం వెతుకుతున్న నేను సిగ్గుపడి నేల మీద చతికిలబడ్డాను.

"అన్నా, ముందర చేస్తా ఉండి ఇప్పుడు మానేసిన పని ఏదన్నా ఉండాదా?"

మగ్గం చప్పుడు ఆగింది. నాగప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు.

"సన్నంచు చీరలు మానేసినా. కండ్లు ఆనవు. కుడి మోకాలు వంగదు. ఎడం కాలితోనే తొక్కుతాండా, నాలుగేండ్లాయ."

"మరి ఈయప్ప వచ్చిన పొద్దు ఎవురూ లేరని చెప్తివే?"

ఆయన చెల్లెల్ని వింతగా చూశాడు. "అమ్మ దినామూ నూలు కండెలు చుట్టి ఇస్తాది. నేను నేస్తా. నువ్వు కాలేజీలో పాఠం చెప్తావు. ఇంగ ఈ ఇంట్లో ఎవురుండారని రాయించల్లమ్మా?"

మేడం కళ్లు తడిశాయి. ఆ తర్వాత అన్న చెప్పిన మాటను ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నారు. అందులో ప్రేమా ఉంది, దాపరికమూ ఉంది. ఆమె రెంటినీ ఉన్నవున్నట్టే ఉంచారు.

ఆ నెలంతా అలాగే తిరిగాం. ఏ ఇంట్లోనైనా కింద కూర్చుని, ఏ పని మానేసినారని అడగడమే. వికలాంగులు లేరన్న ఇళ్లలోనే మాటలు ధారగా వచ్చాయి. సాయంత్రానికి కాలిపర్ల పట్టీలు ఒరుసుకున్నచోట ఆమె చర్మం లేచిపోయేది. గుడ్డ కట్టుకుని పొద్దున్నే మళ్లీ సిద్ధమయ్యేవారు. ఎంత తిరిగినా నూరిళ్లు కూడా పూర్తికాలేదు.

సంస్థవాళ్లు వచ్చినరోజు ఆమె ముందుగా పనికిరాని ఆ రెండు వందల ఫారాలే బల్లమీద పెట్టారు. ఎందుకు పనికిరావో తానే చెప్పారు. వాళ్లలో ఒకాయన మెత్తగానే అడిగాడు, "మీరూ వికలాంగులే కదమ్మా, పక్షపాతం రాదా?" అని.

"వస్తాది సార్. అందుకే నేనెవురో మొదటి పేజీలోనే రాసినాను. నడిచేవాళ్లు రాసిన రిపోర్టులు శానా చదివినా. వాళ్ల కాళ్ల గురించి యాడా రాసుకోలేదు."

తర్వాత నాగప్ప చెప్పిన మాటను చదివి వినిపించారు. సంస్థవాళ్లలో పెద్దాయన ఇంకోసారి చదవమన్నాడు. పని ఆమె చేతుల్లోనే ఉండిపోయింది, గడువు ఇంకో ఏడాది పెంచారు. నాకు కేకలు పెట్టాలనిపించింది. మేడం మాత్రం మెట్లు దిగుతూ, "ఆకలైతాంది, బజ్జీలు తిందాం పా" అన్నారు.

ఆమె పోయి మూడేళ్లయింది. నేను అదే డిపార్ట్‌మెంట్లో పాఠాలు చెబుతున్నాను. ఈ మధ్య కాలేజీలో సిబ్బంది వివరాల ఫారం ఒకటి పంచారు. వైకల్యం ఉందా అన్న గడిలో ఏటా రాసినట్టే "లేదు" అని రాయబోయి ఆగాను. నా కుడిచెవి వినపడక నాలుగేళ్లు దాటింది, ఎడమచెవి సగమే. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాఠం చెప్పగలుగుతున్నాను కదా, ఇంకేమని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. అన్ని ఇళ్లలో ఆమె పక్కన కూర్చుని విన్న ప్రశ్న నన్ను నేను వేసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

"ఉంది" అని రాసి, ఆ మధ్యాహ్నం క్లాసులో చెప్పాను. "నేనొక పని మానేసినా. వెనక బెంచీలోళ్లు చెయ్యెత్తితే చూడనట్టు పోతాండా. మీరు అడిగేది నాకు వినపడదు. దగ్గరికొచ్చి ఎడమవైపు నిలబడి అడిగితే వినపడతాది."

కాసేపటికి చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని లేచి, గది పొడవునా నడిచివచ్చి నా ఎడమపక్క నిలబడింది.

"పోయిన సంవత్సరం నుంచి ఇది అడగల్లనుకుంటాండా సార్. మీరు చూడకపోతే నాది తప్పు ప్రశ్నేమో అనుకుంటి."

ఆ పిల్లను క్షమించమని అడిగి, జవాబు మొదలుపెట్టాను.