సింహపురిలో రెండు రోజులు, మూడో చీర

మా వదిన కామాక్షమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదన్న సంగతి ఒక మధ్యాహ్నం మిరపకాయలకు తొడిమెలు తీస్తుండగా బయటపడింది. మాది సంగం, పెన్న ఒడ్డున ఊరు. మా రేవు దాటిన నీళ్లు ముప్పై మైళ్లు పోతే సముద్రంలో కలుస్తాయి. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆ నీళ్లలో బట్టలు ఉతుకుతున్న మనిషి, అవి చేరే చోటు మాత్రం చూడలేదు. ఆత్మకూరు పక్కన పుట్టిల్లు, సంగంలో అత్తిల్లు, ఆ రెంటి మధ్యనే ఆమె రాకపోకలు. "ఒక్కసారి సముద్రంలో తలారా మునగాలని ఉండాది సుభద్రా," అన్నది, చేతిలో మిరపకాయ మీదినుంచి చూపు తిప్పకుండా. నేను బి.ఎ. ముగించి, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టి, జవాబుల కోసం చూస్తూ ఇంట్లో కాలు నిలవక తిరుగుతున్న రోజులవి. ఆ సాయంత్రమే మా అన్న దగ్గర నెల్లూరు ప్రయాణం సంగతి ఎత్తాను.

అన్న వరి కంకి నలిపి గింజ కొరికి చూస్తున్నాడు. "శనివారం పోయి ఆదివారం సాయంత్రం బస్సుకు వచ్చెయ్యాల. కోతలు నెత్తి మీదికొచ్చినాయి. మీ వదిన లేకపోతే కూలోళ్లకు అన్నం ఎవురు వండతారు?" అన్నాడు. పిల్లల్ని అమ్మ చూసుకుంటానన్నది. నేను వచ్చే శనివారమే అన్నాను. వదిన ఒప్పుకోలేదు. "మిరపకాయలు ఇంకా ఎండల్లే. పై శనివారం పోదాం." సముద్రం కంటే మిరపకాయలు ఎక్కువయ్యాయా అని విసుక్కున్నాను గాని, ఆమె మాటే నెగ్గింది.

సంగంలో తెల్లవారగానే వచ్చే మొదటి బస్సు ఎక్కితే ఎండెక్కక ముందే నెల్లూరులో దిగవచ్చు. టిక్కెట్టు ముప్పావలా. బుచ్చిరెడ్డిపాలెంలో కాఫీకి ఆపుతారు, కాని అక్కడ తాగకండి, నెల్లూరులో ఇంతకంటే చిక్కటిది దొరుకుతుంది. వదిన సంచి నా సంచికి రెండింతలు ఉన్నది. పైన మూడు చీరలు కనిపించాయి.

"రెండు రోజులకు మూడు చీరలెందుకు వదినా?"

"తడిస్తేనో?"

"మాఘమాసంలో వానేంది?"

"నా సంచి నేను మోస్తా ఉండా. నీకేం బరువు?"

కోవూరు దాటి పెన్న వంతెన మీదికి రాగానే రంగనాయకుల గుడి గాలిగోపురం కనిపిస్తుంది. విక్రమసింహపురి అని పాత పేరున్న ఊరికి అంతకంటే మంచి గడప లేదు. బస్సులో నిద్రపోయే అలవాటున్నవాళ్లు కోవూరులోనే మేలుకోవడం మంచిది.

బస్టాండులో రిక్షాలు వచ్చేశాయి గాని, ఊరు చూడటానికి జట్కాయే మేలు. రోజుకు రెండున్నర రూపాయలకు మాట్లాడుకున్నాను. మూడున్నర దగ్గర మొదలుపెడతారు, మీరు నడుచుకుంటూ ముందుకు పోతూ ఉండండి, వాళ్లే వెంట వస్తారు. మా జట్కా మస్తాన్‌ది. "ముందరికి జరగండక్కా. ఇద్దరూ వెనకే కూర్చుంటే గుర్రం ఆకాశానికి లేస్తాది," అన్నాడు. వదిన సంచిని కూడా ముందుకు తోసింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

"ఈ సంచికి ఇంకో గుర్రం కట్టాలక్కా."

పొద్దున్నే రంగనాయకుల గుడికే పోవాలి. మధ్యాహ్నం తలుపులు మూస్తే మళ్లీ సాయంత్రం దాకా తీయరు. దర్శనం అయ్యాక అద్దాల మండపం తప్పకుండా చూడండి. నిలబడిన చోటునుంచి ఎటు చూసినా మనమే వరసలు వరసలుగా కనిపిస్తాం. వదిన చాలాసేపు అక్కడే నిలబడింది. "ఇంతమంది కామాక్షమ్మలుండి ఒక్కదానికీ తీరిక లేకపోయె," అన్నది. పక్కనున్న ముసలావిడ నవ్వుతూ, "నాదీ అదే కతమ్మా," అన్నది. గుడి వెనక మెట్ల మీద కూర్చుంటే పెన్న కనబడుతుంది. ఆ రోజుల్లో ఇసుక ఎక్కువ, నీళ్లు తక్కువ. వదిన సన్నటి పాయను చూపించి, "ఇవి మన నీళ్లే గదా," అని అడిగి, అవి పోతున్న వైపు తూర్పుకు తిరిగి కూర్చున్నది.

మధ్యాహ్నం సంతపేటలో నా స్నేహితురాలు సలోమీ ఇంటికి చేరాం. నాతో చదువుకుని ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నది. వాళ్ల అమ్మ దీనమ్మగారు పొయ్యి మీద కుండలో చేపల పులుసు కాస్తున్నారు. మామిడికాయ పడిన ఆ పులుసు వాసన వీధి మొదటికే వచ్చింది. వదిన శనివారం ముక్క ముట్టదు. సంకోచపడుతూ ఆ మాట చెప్పింది.

"మీరడిగినా ఈ పొద్దు పెట్టను కామాక్షమ్మా," అన్నారు దీనమ్మగారు. "రేపటికి గాని పులుపు ముక్కకు పట్టదు. నా వంట శనివారం చేసినా తినేది ఆదివారమే."

"మా అత్తా ఇదే మాట అంటాది," అన్నది వదిన. ఆ తరువాత నేను ఎవరికి ఎవరిని పరిచయం చేయవలసిన పని లేకపోయింది. ఎండ తగ్గాక మూలపేట శివాలయం, దీపాలు పెట్టే వేళకు ట్రంకు రోడ్డు, పెద్ద బజారు చూసుకున్నాం. ఒక్క రోజుకు అంతకుమించి పెట్టుకుంటే కాళ్లే గుర్తుంటాయి గాని ఊరు గుర్తుండదు.

ఆదివారం సలోమీవాళ్లు చర్చికి పోయారు, మేం సముద్రానికి బయలుదేరాం. నెల్లూరునుంచి తోటపల్లి గూడూరు దాకా బస్సు, నలభై నయాపైసలు. అక్కడ పెంచలయ్య అనే ఆయన ఎద్దుల బండి దొరికింది. బండి బకింగ్‌హామ్ కాలువ దాకానే పోతుంది. పడవలో కాలువ దాటి, సరుగుడు తోపులో ఇసుక మీద నడవాలి. చెప్పులు చేతబట్టుకోవడమే సుఖం. తోపు చివరకు రాకముందే హోరు వినిపించింది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

సముద్రం కనిపించాక ఆమె చేతులు జోడించింది. నేను అప్పటికే మోకాళ్ల లోతుకు దిగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె తడి ఇసుకకు రెండు గజాల ఇవతలే నిలబడి ఉన్నది. అల పైకి వస్తే అంత దూరమూ వెనక్కి జరుగుతున్నది.

"రా వదినా. ఇంత దూరం వచ్చి భయమేంది?"

"భయం కాదు. ఈ పొద్దు తాకగూడదు."

అప్పుడు వెలిగింది నాకు. పున్నమి, అమావాస్య వంటి పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టకూడదన్నది మా ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. నేను ప్రయాణానికి శని ఆదివారాలు చూశాను గాని తిథి చూడలేదు. వల బాగుచేసుకుంటున్న పోలమ్మ అనే జాలరి పట్టపామె మా మాటలు వింటూ ఉన్నది. "మేం దినామూ దాంట్లోనే గదమ్మా ఉండేది. మమ్మల్నేం చేసింది?" అన్నది.

"మీకు అది చేను మాదిరి," అన్నది వదిన.

"చేలో దిగేదానికి మీరు తిథి చూడరా ఏంది?"

"నాటు వేసేదానికి చూస్తాం."

పోలమ్మ నవ్వింది. "అయితే రేపు రా. రేపు అమావాస్య, అందులోనూ సోమవారం. నెల్లూరోళ్లంతా వస్తారు, తిరణాల మాదిరి ఉంటాది."

రేపు. సాయంత్రం బస్సుకు మేం ఊరికి పోవాలి. మళ్లీ ఈమెను ఎవరు తీసుకువస్తారు? కోతల తరువాత నూర్పిళ్లు, ఆ తరువాత వడియాలు, ఊరగాయలు. నాకు ఉద్యోగం వస్తే నేను ఏ ఊళ్లో ఉంటానో. "దేవుడు ఏమీ అనుకోడు వదినా, పాదాలన్నా తడుపుకో," అని బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపి కొంగు భుజం నిండా కప్పుకుంది. తిరుగుదారిలో కాలువ దాటాక నేను చెప్పుల్లో ఇసుక దులుపుకుంటుంటే ఆమె పెంచలయ్యతో ఏదో చెబుతున్నది. డబ్బుల గురించి అనుకున్నాను.

సలోమీ ఇంట్లో నిన్నటి పులుసుతో ఆలస్యంగా అన్నాలు తిన్నాం. దీనమ్మగారు చెప్పిందంతా నిజం. చింతపండు, మామిడికాయ, చేప, దేనికది కాక ఒక్కటైపోయాయి. మీకు నెల్లూరులో ఎవరైనా వేడి వేడి చేపల పులుసు పెడతామంటే రేపు వస్తామని చెప్పండి. నేను మటుకు ఆ రోజు సగం ముద్దలు రుచి తెలియకుండానే మింగాను.

సాయంత్రం బస్టాండులో సంగం బస్సు నిలబడి ఉన్నది. కండక్టరు రమణయ్యది మా ఊరే. నేను మెట్టు మీద కాలు పెట్టాను. వెనకనుంచి వదిన, "రమణయ్యన్నా," అని పిలిచింది. "మా ఇంటాయనకు ఒక మాట చెప్పు. రేపు సోమవారం అమావాస్య, సముద్రస్నానం చేసుకొని వస్తామని చెప్పు."

రమణయ్య నా వైపు చూశాడు, నేను వదిన వైపు చూశాను. "ఆయన ఏమన్నా అంటాడేమోమ్మా," అన్నాడు.

"అమావాస్యను ఏమంటాడు?"

బస్సు వెళ్లిపోయింది. కోతల సంగతేమిటని అడిగాను. "అమావాస్యనాడు కొడవలి పట్టరు. మంగళవారం మొదలుపెట్టరు. బుధవారం దాకా నాతో వాళ్లకేం పని?" అని సంచి నా చేతికిచ్చి జట్కా వైపు నడిచింది.

సోమవారం తోటపల్లి గూడూరులో దిగేసరికి బండి అన్నది లేదు. ఉన్నవన్నీ ముందే మాట్లాడుకున్నారు. పెంచలయ్య మాత్రం ఖాళీ బండితో నిలబడి ఉన్నాడు. "ఈయమ్మ నిన్ననే చెప్పిపోయింది గదా," అన్నాడు. నేను వదిన ముఖం చూశాను. ఆమె ఎద్దుల కొమ్ములు చూస్తున్నది.

ఒడ్డంతా జనం. పిల్లలు, అత్తాకోడళ్లు, గొడుగులు పట్టుకున్న పెద్దవాళ్లు. వదిన సంచి అడుగునుంచి పసుపు, కుంకుమ, రెండు తమలపాకులు, అరటిపండు తీసింది. తమలపాకులు వాడిపోకుండా తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. సముద్రానికి పసుపు కుంకుమలు వేసి, దోసిలితో మూడుసార్లు నీళ్లు వదిలి, దిగింది. మొదటి అలకు కూర్చుండిపోయింది. రెండో అలకు లేచి నవ్వింది. మా ఇంట్లో నేనెప్పుడూ వినని నవ్వు అది, నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వు. ఆ రోజు పోలమ్మ ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుంటే నడుము లోతు దాకా పోయింది. "చాల్లే అమ్మా, పైకి రా," అని పోలమ్మ మూడుసార్లు పిలిచింది. "ఇంకొక్కటి," అని ఆమె నాలుగోదాని కోసం నిలబడింది.

తిరుగు బండిలో ఆ మూడో చీర కట్టుకొని, జుట్టు ఆరబోసుకొని కూర్చుంది. నేను ఇక ఆగలేకపోయాను. "పంచాంగం ఎప్పుడు చూసినావు వదినా?"

"మిరపకాయలు ఎండబెట్టిన నాడే."

"మరి మూడు రోజులు కావాలని అన్నను ముందే అడగొచ్చు గదా?"

"మూడు అడిగితే ఒకటి కూడా లేకుండా పోతాది. రెండు నువ్వు అడిగినావు, ఇంకోటి అమావాస్య అడిగింది."

"మంగళవారం ఆడవాళ్లు పుట్టింటినుంచి కదలగూడదు. బుధవారం పోదామా?"

"ఇది మన పుట్టిల్లు కాదులే. అంత ఆశ వద్దు," అన్నది గాని, బండి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి సరుగుడు తోపు వైపే చూసింది.

మంగళవారం పొద్దున ఇల్లు చేరాం. అన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఏమంటాడోనని నేను రెండు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన వదిన తలవైపు చూసి, "ఉప్పు ఇంకా వదల్లే," అని మాత్రం అన్నాడు. మర్నాడు కోతలు మొదలయ్యాయి. చదువుకున్న నాకు ఎక్కడికైనా పోవాలంటే సెలవు అడగడం ఒక్కటే తెలుసు. వదినకు అడిగే అలవాటు లేదు, అడిగితే వచ్చే చోటూ లేదు. అందుకే కాలెండరులో నేను చూడని రోజును వెతికి పట్టుకొని, రెండు వారాలు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నది. గుళ్లూ బజార్లూ నేను చూపించాననుకుంటున్నాను గాని, ప్రయాణం మటుకు ఆమెదే.

మీరు నెల్లూరుకు రెండు రోజులకని పోయేటట్టయితే ఒక్కటి చేయండి. తేదీ ఖాయం చేసుకునే ముందు పంచాంగం చూడండి. మీతో వచ్చే ఆడవాళ్లు అప్పటికే చూసి ఉంటే, సంచిలో చీరలు ఎందుకన్ని అని అడగవద్దు.