గాజుతొట్టెలో నాచు

1930లలో ఏలూరు బాలికల పాఠశాలలో పంతులమ్మగా కొత్తగా చేరాను. నా ఉద్యోగం ఖాయం చేయాల్సిన ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని, ప్రకృతిపాఠం కోసం గాజుతొట్టెలో ఎరువు కలిపిన తోటమట్టి పోసి, పెరటి మొక్కలు నాటి, నీళ్లు నింపి చేపపిల్లల్ని వదిలాను.

ఆయన వచ్చే రోజు ఉదయానికి నీళ్లు బురదయ్యాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ చేపపిల్లల్ని నాకు అమ్మిన కొల్లేటి మంగమ్మగారి కోసం బజారుకు పరిగెత్తాను.

ఆవిడ వచ్చి చూసి, “ఎరువు కుళ్లితే చేపలకి ఊపిరాడదండి. గట్టు మీది మొక్క నీళ్లలో బతకదండి” అన్నారు.

చేపల్ని కుండలోకి మార్చి, మట్టీ మొక్కలూ తీసేసి, కాలువ ఇసుకను తేటనీరు వచ్చేదాకా కడిగి తొట్టెలో పరిచారు. కాలువలోని నాచు తెచ్చి, మొదళ్లు ఇసుకలో గుచ్చారు. తన బుట్ట మీది తామరాకును ఇసుకపై పరిచి, దాని మీద మెల్లగా నీళ్లు పోశారు. ఇసుక చెదరలేదు. తిరిగి వదలగానే చేపలు నాచు మధ్య ఈదసాగాయి.

ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకుని, “ఎక్కడ నేర్చుకున్నారమ్మా?” అన్నారు.

పక్కనే ఉన్న మంగమ్మగారిని చూపించాను. “నేను పాడుచేశానండి. బాగుచేసింది ఈవిడ” అన్నాను.

ఆయన మంగమ్మగారి వైపు తిరిగి, “అయితే పిల్లలకు మీరే చెప్పండమ్మా” అన్నారు.

ఆవిడ బెరుకు లేకుండా చెబుతుంటే, నేను వెనక బల్ల మీద కూర్చుని రాసుకున్నాను. నా ఉద్యోగం నిలిచింది. తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినా, ఆవిడంత విడమరిచి చెప్పడం నాకు చేతకాలేదు.