రాయి కాదు, జాకీ

2011 వానాకాలంలో నేను ఒక ప్రభుత్వ బస్సుల సంస్థలో భద్రతాధికారిని. ఎల్‌బీ నగర్ వైపు డిపోలు నా పరిధి. భద్రతాధికారి అంటే ప్రమాదం జరిగాక వచ్చి చీవాట్లు పెట్టేవాడని డిపోల్లో ఒక అభిప్రాయం. అందులో కొంత నిజం లేకపోలేదు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సు అద్దం దక్కేది కాదు. రాళ్ళ భయంతో ఒక డిపోలో రిపేరు పనిని రోడ్డు పక్క షెడ్డు నుంచి వెనక ఖాళీ స్థలానికి మార్చారు. షెడ్డులో సిమెంటు గచ్చు, వెనక నానిన మట్టి.

ఒక బంద్ నాడు అక్కడి మెకానిక్ దావీదు కాలు తొడ దగ్గర విరిగిందని కబురొచ్చింది. డిపో మేనేజరు కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. "బయటి నుంచి రాయొచ్చి తగిలిందండీ," అన్నారు, నా ముఖం చూడకుండా. రాయి అయితే పోలీసు కేసుతో సరి. పనిలో దెబ్బ తగిలి మనిషి రెండు రోజులకు మించి రాలేకపోతే ఫ్యాక్టరీల తనిఖీ శాఖకు తెలియజేయాలి, వాళ్ళొచ్చి కారణం తవ్వుతారు. ప్రభుత్వ సంస్థ అని మినహాయింపేమీ లేదు. రాయికి తొడ ఎముక విరగడం నేనెక్కడా వినలేదు.

దవాఖానకు వెళ్తే దావీదూ రాయనే అన్నాడు. ఉద్యమంలో దెబ్బ తిన్నాడని బస్తీవాళ్ళు అప్పటికే దండ వేసి వెళ్ళారట. గట్టిగా అడిగితే నసిగాడు.

"జాకీ మట్టిల దిగబడ్డది సార్, బండి ఒరిగింది. గట్ల రాస్తే నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ సరే. రేపు అదే మట్టిలో ఇంకొకడు బండి కిందికి దూరతాడు కదా?" అన్నాను.

అతని ముఖం పాలిపోయింది. "రేపెక్కడిది సార్. నా పని డిపోల్నే ఉన్న మా బామ్మర్దికి అప్పజెప్పిన్రు. గిప్పుడే చేస్తుంటడు."

వెంటనే మేనేజరుకు ఫోన్ చేసి, పని ఆపి అతన్ని బయటికి రప్పించమన్నాను. ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే పరుగెత్తారు. ఆయన కేకలు, రొప్పు వినిపిస్తూనే ఉన్నాయి. అంతలో ఏదో బరువుగా కూలిన చప్పుడు. దావీదు మంచం పట్టె పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"వచ్చేశాడండీ. వాడు బయటికొచ్చాకే బండి పడింది," అన్నారు మేనేజరు, ఏడుస్తూ. దావీదుకు చెప్తే అతనూ ఏడ్చాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది. అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న రోజు నా సర్వీసులో మరొకటి లేదు.

ఆ సాయంత్రం మేనేజరే ఉన్నదున్నట్టు నివేదిక రాశారు. పని మళ్ళీ గచ్చు మీదికొచ్చింది, రాళ్ళకు అడ్డంగా షెడ్డుకు రేకులు కట్టారు. దావీదు ఇజ్జత్‌కు లోటేమీ రాలేదు. అత్తవారింట్లో అతన్ని నెత్తిన పెట్టుకున్నారు.

దెబ్బ తిన్నవాడిని పరామర్శించే ముందు, అతని పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారని అడగాలి. రిటైరయ్యే వరకు ఏ ప్రమాదానికి వెళ్ళినా నేను మొదట అడిగింది అదే.