మూత మీద కూర్చున్న ఇంజనీరు

2021. హుమ్నాబాద్ పారిశ్రామికవాడలో, రంగుల కంపెనీలు రంగు కరిగించడానికి వాడేసిన సాల్వెంట్‌ను శుద్ధి చేసే ఒక చిన్న ఫ్యాక్టరీ. అందులో నేను మెయింటెనెన్స్ ఇంజనీరును. అంతకుముందు సముద్రంలో చమురు తవ్వే రిగ్ మీద పనిచేసేవాణ్ణి. ఆ ముందటి ఏడు చమురు ధర ఒకరోజు సున్నా కిందికి కూడా దిగింది. దానితోపాటు నన్నూ దింపారు. వీడియో కాల్‌లో వీడ్కోలు చెప్పిన సార్ మైకు ఆన్ చేయడం మర్చిపోవడంతో, నా కెరీర్‌లోని విషాద ఘట్టం మూకీగా ముగిసింది.

శ్రీలత మాకు ట్రైనీగా వచ్చింది. దగ్గర్లోని నిర్ణా ఊరి అమ్మాయి, పెట్రోలియం ఇంజనీరింగ్ చదివింది. చేరాల్సిన రిగ్ కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకుంది. "పెట్రోల్ చదువే గదా, బంకుల పెట్టిస్త అన్నడు మా మామ" అని మొదటిరోజే చెప్పింది. ఊళ్లో అందరి సలహా ఒకటే: కాలం బాగాలేదు, నోరు మూసుకుని నౌకరి చేసుకో. పర్మనెంట్ అయ్యేదాకా అలాగే ఉంటానని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. తండ్రి చేను ఆ ఏడు వానకు పోయింది. ఈ జీతం తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం వాల్వులు చూసి వచ్చేసరికి, భూమిలో పాతిన ట్యాంకు మూత తెరిచి ఉంది. అడుగున పేరుకున్న మడ్డి తీయడానికి బగ్దల్ ఊరి నుంచి వచ్చే కూలీ మారుతన్న నడుముకు తాడు కట్టుకున్నాడు. కన్‌ఫైన్డ్ స్పేస్ అంటారు ఇలాంటి చోటును. మనిషి దూరడానికి సందు ఉంటుంది, పీల్చడానికి గాలి ఉంటుందన్న హామీ ఉండదు. అందుకే ముందు గ్యాస్ డిటెక్టర్‌తో పరీక్షించాలి. మా డిటెక్టర్ రిపేరుకు పోయింది.

"మడ్డి కొంచవోయే లారీ నిలబడ్డది, జల్దీ దిగు మారుతీ" అన్నాడు ఫ్యాక్టరీ యజమాని సేట్.

"దిగుత సేట్. గాలి చూడొద్దా జరా?" అంటూ మారుతన్న కందిలి తీశాడు. వాళ్లది తాతల నాటి నుంచి బావుల పూడిక తీసే ఇల్లు. వెలిగించిన కందిలిని, అంటే లాంతరును, బావిలోకి దింపుతారు. ఆరిపోతే గాలి చెడ్డదని మనిషి దిగడు. బావి దగ్గర ఆ జాగ్రత్త చాలా ప్రాణాలు కాపాడి ఉంటుంది. నిప్పు తగిలితే పేలే సాల్వెంట్ ఆవిరి నిండిన ట్యాంకు దగ్గర మాత్రం కందిలి ఆరదు. మనం ఆరతాం.

మారుతన్న అగ్గిపెట్టె తెరిచాడు.

"అన్నా, గీయకు!"

శ్రీలత ఒక్క ఉరుకున వెళ్లి అగ్గిపెట్టె లాక్కుంది. మూత ఈడ్చి మూసింది. దాని మీద కూర్చుంది.

"లే అమ్మా. తమాషానా?" అన్నాడు సేట్.

"లేవ సార్. డిటెక్టర్ రావాలె, అప్పుడే లేస్త."

"రేపటి సంది రావొద్దు నువ్వు!"

"రేపటి సంగతి రేపు సార్. ఇయ్యాల అన్న దిగడు."

రిగ్ మీద దీన్ని స్టాప్ వర్క్ అంటారు. ప్రమాదం కనిపిస్తే నిన్న చేరినవాడైనా పని ఆపవచ్చు, పైవాడు ఆగాలి. రిగ్ ఎక్కకముందే ఆ పాఠం ఆమెకు వచ్చు. సేట్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ ఇంజనీర్?"

వీరోచితమైన మాట ఏదైనా అందామనుకున్నాను. చివరికి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఎండకు మూత పెనంలా కాలుతోంది. త్యాగం తాలూకు మొదటి నొప్పి ఎక్కడ తగులుతుందో ఆరోజే తెలిసింది.

"ఇద్దరికిద్దరు పిచ్చోళ్లే దొరికిన్రు నాకు" అన్నాడు సేట్.

పక్క ఫ్యాక్టరీకి ఫోన్ చేసి డిటెక్టర్ తెప్పించాను. మూత కొద్దిగా జరిపి దాని గొట్టం లోపలికి దింపగానే అది కీచుమనడం మొదలుపెట్టింది, ఆపలేదు. లోపల ప్రాణవాయువు చాలదు, అంటుకునే ఆవిరి మాత్రం కావలసినంత. మారుతన్న నడుముకున్న తాడు మెల్లగా విప్పుకున్నాడు. "అమ్మా, మీ చెల్లెకు మస్తు రుణపడ్డ" అని నాతో అన్నాడు. ఆ కంగారులో నన్ను అమ్మను, శ్రీలతను నా చెల్లెను చేశాడని నేను తప్ప ఎవరూ గమనించలేదు.

సేట్ కన్నీళ్లేమీ పెట్టుకోలేదు. బ్లోయర్ పెట్టి గాలి తోయిస్తే కరెంటు ఎంత కాలుతుందోనని గొణుక్కున్నాడు. కానీ పెట్టించాడు. లారీ ఖాళీగా వెళ్లింది.

మర్నాడు శ్రీలత ఎప్పటి వేళకే వచ్చింది. సేట్ గేటు దగ్గరే ఉన్నాడు.

"రావొద్దన్న గదా?"

"అన్నరు సార్."

"మరి?"

"బ్లోయర్ నడుస్తుంది గద సార్. ఎవలన్న చూడాలె."

సేట్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

మార్కెట్ పడినప్పుడల్లా జూనియర్లు ఫోన్ చేసి ఏం చేయమంటావన్నా అని అడుగుతుంటారు. దొరికిన పని చేయండి, ఏ పనికీ సిగ్గుపడకండి అంటాను. తల వంచుకుని ఉండమని మాత్రం చెప్పను. 'సరే' అనడానికి మనుషులు ఎప్పుడూ దొరుకుతారు, ఇలాంటి రోజుల్లో మరీ చవకగా. 'ఆగండి' అనడానికే మనం అన్నేళ్లు చదివింది. ఆ మాటకు ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి వెతుక్కుంటాం. ట్యాంకులోకి దిగినవాడికి ఆ వెసులుబాటు ఉండదు.