మూఢంలో ఎత్తిన గుమ్మం

నరసాపురంలో నేను కొన్న పాత పెంకుటిల్లు చూసి మా అన్నయ్య అడిగిన మొదటి మాట, "ఒంటి మనిషివి, ఉండడానికి ఒక ఇల్లుందిగా, రెండోది ఎందుకు నీకు?" అని. అద్దెకివ్వడానికి అన్నాను. మగవాడు రెండో ఇల్లు కొంటే ముందుచూపు, ఆడది కొంటే అత్యాశ. బడిలో లెక్కలు చెప్పుకుని బతికే టీచర్ని, ఈ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.

కొనడానికే నా పొదుపంతా ఊడ్చుకుపోయింది. బాగుచేయించడానికి బ్యాంకు లోను తీసుకున్నాను. ఆ డబ్బు ఒక్కసారే ఇవ్వరు, విడతలుగా ఇస్తారు. మొదటి విడతతో గోడలు లేపి గుమ్మాలూ కిటికీలూ నిలబెట్టాలి. బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసి సరేనంటే రెండో విడత, దాంతో పైకప్పు. పాత పెంకులు అప్పటికే దించేశాం. వానలు దగ్గరపడుతున్నాయి.

మా మేస్త్రి గారు అన్నీ నిలబెట్టి వీధి గుమ్మం ఒక్కటీ వదిలేశారు, మంచి ముహూర్తానికి ఎత్తుదామని. ఈలోగా మూఢం వచ్చి పడింది. మూఢంలో మా వైపు పెళ్ళిళ్ళు చేయరు, గుమ్మాలు ఎత్తరు. ఇంజనీరు గారు వచ్చి ఆ ఖాళీ వంక చూసి, "మెయిన్ డోర్ లేదు కదండీ, స్టేజి పూర్తయిందని ఎలా రాయమంటారు?" అని వెళ్ళిపోయారు.

మర్నాడు బ్యాంకుకి వెళ్ళాను. మేనేజరు గారు నుదుట కుంకుమ బొట్టుతో ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు.

"మూఢం వెళ్ళాక పెట్టించండి మేడం, తొందరేముంది?"

"అప్పటిదాకా నా లోను గడువు ఉంటుందాండీ?"

"ఉండదండి. మళ్ళీ కొత్తగా అప్లై చేసుకోవాలి."

"పోనీ, మూఢం ఉన్నన్నాళ్ళూ మీ వడ్డీ ఆగుతుందాండీ?"

ఆయన కంప్యూటర్ వైపు తిరిగిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇవ్వడానికి పంచాంగం, వసూలుకి మాత్రం క్యాలెండరు!

నేరుగా ఇంటి దగ్గరికి వెళ్ళి మేస్త్రి గారిని గుమ్మం ఎత్తమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను పిల్లలు గలవాణ్ణండి. నా చేత్తో ఎత్తలేను." ఆయన మీద కోపం రాలేదు. భయమేస్తోందని ఉన్న మాట చెప్పారు. అప్పుడే అన్నయ్య వచ్చాడు.

"ఇంటి మీదికి అరిష్టం తెచ్చుకుంటావా?"

"వానకి గోడలు నాని కూలితే అది అరిష్టం కాదా? లోను పోతే కప్పు నువ్వు వేయిస్తావా?"

"నీతో మాట్లాడలేం. మొండిదానివి."

"అవును, మొండిదాన్నే."

మేస్త్రి గారితో అన్నాను: "పసుపు నేను పూస్తాను. గుమ్మం నేనే ఎత్తి నిలబెడతాను. నిలబడ్డాక మీరు సిమెంటు పెట్టండి. ఎత్తేది నేను, మీరు కాదు. దోషం ఏదైనా ఉంటే అది నాదే." వీధి వీధంతా వినేలా అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "సిమెంటు పెట్టడానికైతే మూఢం లేదండి" అన్నారు. ఆ తిరకాసు నాకూ నచ్చింది.

సాయంత్రం బడి వదలగానే నేను పిలిస్తే మా బడి టీచర్లు ఇద్దరు వచ్చారు. కొంగులు బిగించి ముగ్గురం గుమ్మానికి చేతులు వేశాం. టేకు గుమ్మం, బరువు మామూలుగా లేదు. నాకు భయం లేదంటే అబద్ధం. చిన్నప్పటి నుంచీ విన్న భయాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అయినా వదల్లేదు. లేచి నిలబడింది. మేస్త్రి గారు గుండు కట్టిన తాడు వేలాడదీసి, వంకర లేదని చూసుకుని సిమెంటు పెట్టారు. కొబ్బరికాయ మాత్రం ఆయనే కొట్టారు, ఎవరూ అడక్కుండానే.

రెండు రోజుల తర్వాత ఇంజనీరు గారు మళ్ళీ వచ్చారు. ఎదురింటి అరుగు మీద అన్నయ్య, ఇంకో నలుగురూ చేరారు. "ఓనర్ గారు గుమ్మంలో నిలబడాలండీ, ఫొటో పంపాలి" అంటూ ఆయన ఫోన్ తీశారు. నిలబడ్డాను. గడప తొక్కకూడదని నాకు అమ్మ నేర్పింది, నేను బడి పిల్లలకి నేర్పాను. ఎదురుగా ఉన్న మొహాలు చూశాక ఆగలేకపోయాను. చెప్పు విడిచి, పసుపు పూసిన ఆ గడప మీద పాదం ఆనించాను.

"అదేంటే!" అని అన్నయ్య అరిచాడు.

"నా గడప" అన్నాను. ఇంజనీరు గారు ఫొటో తీశారు.