నొప్పి చెప్పుకునే వీరుడు

కొలిబ్రీకి ఉన్నది ఒక్కటే జబ్బు. రింగులో దెబ్బ తగిలిందంటే ఎక్కడ తగిలిందో, ఎవరు కొట్టారో, ఎలా కొట్టారో అరేనా పైకప్పు అదిరేలా అరిచి చెబుతాడు. "నాయనో! ఎడమ మోకాలు! రెండు చేతులా పట్టుకుని మెలిపెడుతున్నాడు! తాళ్ళ దగ్గరికి ఈడుస్తున్నాడు!" కుస్తీ వీరుడన్నవాడు పళ్ళ బిగువున ఓర్చుకోవాలి కదా? మొదటి మూడేళ్ళూ బుద్ధిగా ఓర్చుకున్నాడు. ఆ తరవాత ఉన్నట్టుండి పట్టుకుంది ఈ అరుపుల రోగం. కొలిబ్రీ, అంటే తేనెపిట్ట, అన్నది రింగు పేరు. అతని అసలు పేరు మాత్రం అడక్కండి. ముసుగు కట్టినవాడి పేరు బయటపెట్టడమంటే తెహువాకాన్ ఊళ్ళో తల్లిని తిట్టినంత తప్పు.

ఈ రోగంతో అందరికంటే ఎక్కువ విసిగిపోయినవాడు నసారియో. రింగులో అతను రాబందు. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం తొండి చేసి కొలిబ్రీని కుమ్మడం, జనం చేత బండతిట్లు తినడం అతని వృత్తి. పైగా ఇద్దరూ కోంపాద్రేలు. నసారియో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డది ఈ కొలిబ్రీయే.

"కోంపాద్రే, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకుని దెబ్బలు తినవయ్యా! రిఫరీ కళ్ళుగప్పి నీ కంట్లో వేలు పెడదామనుకుంటానా, పెట్టకముందే 'వేలు! కుడి కంట్లో వేలు!' అని కేకేస్తావు. తొండి ఎలా చెయ్యమంటావు, మైకులో చెప్పి చెయ్యనా?"

"నొప్పి పుడితే అరవొద్దా?"

"పోయిన వారం నిన్ను ముట్టుకోనేలేదు. 'వెనకనుంచి వస్తున్నాడు, కుర్చీ ఎత్తాడు' అని అరిచావు. అది నొప్పా?"

"అది రాబోయే నొప్పి," అన్నాడు కొలిబ్రీ, ముసుగు సందులోంచి మొక్కజొన్న పిండి తమాలే కుక్కుకుంటూ.

నసారియోకి అంతుపట్టని సంగతి ఇంకోటుంది. చూస్తే మనిషి పొట్టి, ఆపైన బొజ్జ. తాళ్ళ మీంచి ఎగిరితే సగం సార్లు తాళ్ళకే చిక్కుకుంటాడు. రాజధాని నుంచి కండల వీరులు వచ్చి గాల్లో మూడేసి పల్టీలు కొడితే జనం చప్పట్లు కొట్టి, గేటు దాటేలోపు మర్చిపోయేవారు. వీడు "అబ్బా, నడుం!" అంటే చాలు, ఎనిమిది వందల మంది తమ నడుములు పట్టుకునేవారు. వీడు లేచి నిలబడితే, ఆ లేచింది తామే అన్నట్టు ఊగిపోయేవారు. నసారియో పైకి ఎంత తిట్టినా లోలోపల మురిసిపోయేవాడు. అలాంటివాణ్ణి వారం వారం తన్నే భాగ్యం ఊళ్ళో తనొక్కడికే ఉంది మరి.

జనంలో అతన్ని హడలెత్తించే మనిషి ఒక్కతే, ముందు వరసలో కూర్చునే దోన్యా కూకా. ఒకప్పుడు బస్టాండు దగ్గర తమాలేలు అమ్మిన ముసలమ్మ. రిఫరీకి దొరకని తొండి కూడా ఆవిడకి దొరికిపోయేది. "కంట్లో వేలు పెడతావుట్రా దొంగ సచ్చినోడా! నీ వేళ్ళు పుచ్చిపోనూ!" ముసల్దానికి గద్ద కళ్ళు అని నసారియో గట్టి నమ్మకం. కాకపోతే తిట్టేటప్పుడు మొహం ఎప్పుడూ కొలిబ్రీ వైపే ఉండేది. తన మొహం చూడ్డానికి కూడా అసహ్యం కాబోలనుకుని ఆ వైపు తలెత్తేవాడు కాదు.

ఈస్టరు తరవాతి ఆదివారం ముసుగుకీ జుట్టుకీ పందెం పెట్టారు. మూడు పట్లలో రెండు గెలవాలి. కొలిబ్రీ ఓడితే అందరి ముందూ ముసుగు తీసెయ్యాలి, ఇక జన్మలో కట్టకూడదు. నసారియో ఓడితే మంగలి రింగులోకే వచ్చి గుండు గీస్తాడు. తొమ్మిదేళ్ళుగా నూనె రాసి నడుం దాకా పెంచుకున్న జుట్టు అది. దాన్ని భార్యని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

తీరా ఆ రోజు కొలిబ్రీ గొంతు పోయింది. ముందు రోజు పక్క ఊరి తిరనాళ్ళలో వానలో అరిచి అరిచి పోగొట్టుకున్నాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"దేవుడున్నాడు!" అని గంతేశాడు నసారియో.

కొలిబ్రీ అతని భుజాలు పట్టుకుని, కళ్ళు మూసి చూపించాడు, బయటి కుర్చీల వైపు చెయ్యి చూపించాడు, దణ్ణం పెట్టాడు.

"ఏంటి, కళ్ళు మూసుకుని ఓడిపొమ్మంటావా? నా జుట్టు మీద ఒట్టు, కుదరదు కోంపాద్రే."

మొదటి పట్టు నిశ్శబ్దంగా సాగింది. నసారియో కంట్లో వేలు పెట్టాడు. ముసలమ్మ తిట్టలేదు. జుట్టు కింద దాచుకున్న తాడు ముక్క తీసి గొంతుకు బిగించాడు. అయినా తిట్టలేదు. అతనికి కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. పట్టు గెలిచాడు. జనం ఉసూరుమన్నారు. ఆ నిశ్శబ్దంలో ముందు వరస నుంచి గొంతు వినబడింది.

"ఎవరన్నా చెప్పండర్రా! మావాడు ఉన్నాడా, పోయాడా? వాడి గొంతు వినబడదేం?"

పదకొండేళ్ళలో మొదటిసారి నసారియో ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ ఖాళీ మూల వైపు తిరిగి అడుగుతోంది. మోకాళ్ళ మధ్య తెల్లకర్ర ఉంది.

"ఆవిడకి కళ్ళు..." అన్నాడు రిఫరీతో.

"షుగరొచ్చి పోయి ఎనిమిదేళ్ళు. నీకు తెలీదూ?"

ఎనిమిదేళ్ళు. కొలిబ్రీ రోగానికీ సరిగ్గా ఎనిమిదేళ్ళే. నసారియో వెనక్కి తిరిగాడు. అవతలి మూలలో కొలిబ్రీ మళ్ళీ దణ్ణం పెడుతున్నాడు.

గంట మోగింది. నసారియో గుండెల నిండా గాలి పీల్చాడు.

"అవ్వా! నేను రాబందుని! మీవాడి గొంతు పోయింది, ప్రాణం ఉంది! ఇదిగో కుడిచెయ్యి పట్టుకున్నాను, వెనక్కి విరుస్తున్నాను!"

"విరిస్తే నీ రెండు చేతులూ పడిపోనూ!" అందావిడ, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఇప్పుడు కడుపులో తన్నబోతున్నాను!"

చెప్పి తంతే ఎవడు నిలబడతాడు? కొలిబ్రీ పక్కకి జరిగాడు.

"తప్పించుకున్నాడు అవ్వా! నేను బోర్లా పడ్డాను! మీద కూర్చున్నాడు, అమ్మో, బొజ్జతో సహా కూర్చున్నాడు!"

ఎనిమిది వందల మందీ విరగబడి నవ్వారు. రెండో పట్టు పోయింది.

మూడో పట్టుకి నసారియో జుట్టు తడుముకున్నాడు. నోరు కట్టేసుకున్నాడు. రెండు నిమిషాల్లో కొలిబ్రీ మెడ అతని చంకలోకి వచ్చింది. ఇక ఒక్క విసురు విసిరితే ముసుగు తనదే.

"ఏరా రాబందూ, నీక్కూడా గొంతు పోయిందిట్రా? చెప్పు నాయనా, ఏం జరుగుతోంది?"

పదకొండేళ్ళలో ఆవిడ అతన్ని నాయనా అనడం అదే మొదలు.

"మెడ నా చంకలో ఉంది అవ్వా," అన్నాడు ఏడుపుగొంతుతో. "ఇప్పుడు ఎడమవైపు తిరిగి, ఎత్తి పడెయ్యబోతున్నాను."

కొలిబ్రీ కుడివైపు తిరిగాడు.

"నా రెండు భుజాలూ నేలకి ఆనాయి. రిఫరీ లెక్కపెడుతున్నాడు. ఒకటి. రెండు. లేవలేకపోతున్నాను అవ్వా. మూడు."

మంగలి వచ్చాడు. నసారియో అదీ చెప్పాడు. "ముందు భాగం అయిపోయింది. చెవుల పక్కన కూడా. ఆఖరి పాయ కోంపాద్రే చేతిలో పెట్టారు. వాడు ఏడుస్తున్నాడు, దొంగవెధవ." జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే తొండివాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా అని సిగ్గుపడ్డాడు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

దోన్యా కూకా అతన్ని దగ్గరికి పిలిచి గుండు నిమిరింది. "రాబందుకి తల మీద జుట్టుంటుందిట్రా ఎక్కడన్నా? ఇప్పటికి సరిపోయావు," అని చేతిలో ఒక తమాలే పెట్టింది.

మరుసటి ఆదివారానికి కూడా కొలిబ్రీ గొంతు రాలేదు. నసారియో గుండు తళతళలాడించుకుంటూ రింగెక్కి, "అవ్వా, కంట్లో వేలు పెడుతున్నాను!" అని అరిచి మరీ పెట్టాడు. "నీ వేళ్ళు పుచ్చిపోనూ, దొంగ సచ్చినోడా!" అని దోన్యా కూకా లేచి నిలబడి తిట్టింది. ఈసారి సూటిగా అతని వైపే తిరిగి తిట్టింది. నసారియో ఛాతీ విరుచుకుని ఆ తిట్లన్నీ నిలబడి విన్నాడు.